శవాలు లేవకముందే కూర్చోవాలి

శాంతి కమిటీ అనే మాట మేం ఎప్పుడు విన్నా శవాలు లేచాకే విన్నాం. 1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీ కత్తిపోట్ల మధ్య, కర్ఫ్యూలో మగ్గింది. ఇలాంటప్పుడే రెండు మతాల పెద్దమనుషుల్నీ పిలుస్తారు. చాయ్ తాగుతారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకు తెలీదు. మాకు తెలుసు.

అందుకే భివండీ గురించి చెప్పుకోవాలి. ముంబై పక్కన, ఠాణే జిల్లాలోని మరమగ్గాల ఊరది. ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ అన్సారీలు, తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలు ఒకే మగ్గం చప్పుడులో బతికే ఊరు. అంటే మన ఊరు కూడా. అయినా 1970 మేలో శివజయంతి ఊరేగింపుతో అంటుకుంది. పోలీసుల పక్షపాతాన్ని మాడన్ కమిషన్ తేల్చి చెప్పింది. 1984 మేలో మళ్లీ తగలబడింది.

1988లో డిప్యూటీ పోలీస్ కమిషనర్‌గా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించాడు. వాటిలో పేరున్న నాయకులు కాదు, ఆ గల్లీల్లో ఉండే హిందువులూ ముస్లింలే కూర్చున్నారు, పోలీసులతో పాటు. అల్లర్లు లేని రోజుల్లో కూర్చున్నారు. అదీ అసలు సంగతి. ముఖం ఎరిగినవాడి గురించి పుకారు పుడితే, నిజమా అని అడగడానికి ఒక గడప ఉంటుంది.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. ముంబై రెండు విడతలుగా మండింది. శ్రీకృష్ణ కమిషన్ లెక్కలో 900 మంది చనిపోయారు, వాళ్లలో 575 మంది ముస్లింలు. పక్కనే ఉన్న భివండీలో ఒక్క ప్రాణం పోలేదు.

మరి అక్కడితో కథ కంచికి చేరిందా? లేదు. 2006 జులైలో అదే భివండీలో కబరస్తాన్ పక్కన పోలీస్ స్టేషన్ కట్టడం మీద గొడవైంది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు, గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్లు చచ్చిపోయారు. ఈసారి తగవు హిందువులకూ ముస్లింలకూ మధ్య కాదు, మాకూ సర్కారుకూ మధ్య. ఒకప్పుడు కూర్చున్నాం కదా అని శాంతి నిలబడదు. కూర్చుంటూనే ఉండాలి.

పాతబస్తీలోనూ 1990లలో చిన్నచిన్న స్వచ్ఛంద సంఘాలు 'కోవా'గా కలిశాయి. మతసామరస్యాన్ని ఉపన్యాసాలకు వదిలేయకుండా ఆడవాళ్ల ఉపాధితో, పిల్లల చదువుతో ముడిపెట్టాయి. కుట్టుమిషన్ దగ్గర పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్ల దోస్తీ శాంతి ర్యాలీ కంటే గట్టిది.

ఒక్క మాట మాత్రం దాచం. శ్రీకృష్ణ నివేదిక 1998లో వచ్చింది. అందులో పేర్లు పడ్డవాళ్లలో శిక్ష పడింది చాలా కొద్దిమందికే. న్యాయం అడిగితే గాయాలు రేపొద్దంటారు. మానని గాయాన్ని కొత్తగా రేపేదేముంది? మొహల్లాలో మేం కూర్చుంటాం, చాప పరుస్తాం. ఆ చాప మీద న్యాయానికి కూడా చోటుండాలి. అది లేని శాంతికి మేం పెట్టుకున్న పేరు కర్ఫ్యూ.