పందెపు గుఱ్ఱము - దాని కాళ్లు

మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతపు పల్లెలలో ఎద్దు కుంటినచో కాల్చిన ఇనుపకమ్మితో వాతలు పెట్టు ఆచారము చిరకాలమునుండి కలదు. అది పామరుల మోటువైద్యమని చదువుకొన్నవారు నవ్వుదురు. లక్షలు పోసి కొన్న పందెపు గుఱ్ఱమునకు ఇంగ్లండులోని గొప్ప పశువైద్యులు మొన్న మొన్నటిదాక చేసిన చికిత్సయు నిదియే. ఈ వాత గుణమెట్టిదో తెలియుటకు ముందుగా గుఱ్ఱపు కాలిని గూర్చి తెలిసికొనవలెను.

మనవారికి అశ్వశాస్త్రము క్రొత్త కాదు. శ్రీకాకుళము గోలకొండ ఫౌజుదారులు వసించిన పట్టణము. 1641లో షేర్ మహమ్మదు ఖాను కట్టించిన మసీదు నేటికిని అచ్చట నున్నది. ఆ కాలపు రౌతునకు వేగముకన్న గుఱ్ఱపు ఓర్పే ప్రధానము. సంస్కృతమున నకులుని పేర వెలసిన అశ్వచికిత్సయు, జయదత్తుని అశ్వవైద్యకమును గలవు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. ఈ శాస్త్రములలో సుడులకు, రంగులకు ఇచ్చిన ప్రాధాన్యము మితిమీరినదని నా అభిప్రాయము. సుడి మంచిదైనను కాలు కుంటిదైనచో ఫలమేమి? భారతమున నలుడు బాహుకుడై ఋతుపర్ణుని శాలలో బక్క గుఱ్ఱములనే ఏరెను. రాజు శంకించెను. ఆ బక్కవే ఒక్కదినమున విదర్భ చేర్చినవి. అచ్చటను నలుడు సుడులనే చెప్పినాడు గాని, బరువు తక్కువైనచో కాలికి శ్రమయు తక్కువే గదా!

గుఱ్ఱము ఒంటివ్రేలిపై నిలుచు జంతువు. డెక్క ఆ వ్రేలి గోరు. ముంగాలి మోకాటికి దిగువ కండ లేదనియే చెప్పవచ్చును. ఎముక, దాని వెనుక త్రాళ్లవంటి స్నాయువులు, పైని తోలు. దౌడులో ఒకానొక క్షణమున భారమంతయు ఒక్క కాలిమీద పడును. అప్పుడు ఆ కాలు మోయునది గుఱ్ఱపు బరువునకు సుమారు 2½ రెట్లు. స్నాయువు తెగుటకు కొంచెము తక్కువగా సాగి, మరల ముడుచుకొనును. ఇట్లు సాగి ముడుచుకొనునప్పుడు దాని నడిమి భాగము 45 సెంటీగ్రేడు డిగ్రీలవరకు వేడెక్కునని కొలిచి చూచినారు.

పూర్వము ఇంగ్లండులో పందెములు నాలుగు మైళ్లవి. ఒక్క దినముననే పలుమారులు పరుగెత్తవలెను. అజేయమైన ఎక్లిప్సు 1764లో పుట్టి, అయిదవ యేట, అనగా 1769లో, తొలిసారి మైదానమున దిగెను. పిదప తొందర హెచ్చినది. 1780లో మూడేండ్ల గుఱ్ఱములకు డర్బీ, 1786లో రెండేండ్ల పిల్లలకు జూలై స్టేక్సు ఏర్పడినవి. మేపు ఖర్చు త్వరగా రాబట్టవలెనను ఆశయే ఇందులకు ముఖ్యకారణమని తోచుచున్నది. చెన్నపురి గిండీలో పందెములు 1777 నాటినుండియు, హైదరాబాదున ఆఱవ నిజాము కాలమున 1886లో మౌలాలినుండి మలక్‌పేటకు మారిన మైదానమునను జరిగినవి.

రెండేండ్ల పిల్లకు మోకాటి క్రింది ఎముక ముందువైపు నొప్పియు వాపును గలుగుట సామాన్యము. అట్లని పరుగే కూడదనుట సరికాదు. ఎముక తనపై పడిన భారమునుబట్టి దిట్టమగును. కొద్దికొద్దిగా వేగము నేర్పినచో మేలు. నిదానపు నడకలతో దినములు పుచ్చి ఒక్కసారిగా దౌడు తీయించుటయే ముప్పు. ఎదిగిన గుఱ్ఱపు స్నాయువునకు మాత్రము ఈ భాగ్యము లేదు. అది క్రమముగా అరుగునే గాని, శిక్షణచే బలపడదు.

ఇక వాత మాట. 1983లో బ్రిస్టలు విశ్వవిద్యాలయ పండితులు దెబ్బతిన్న స్నాయువులను పరీక్షించి, వాతవలన మేలు లేదని తేల్చినారు. మఱి వాతపెట్టిన గుఱ్ఱములు బాగుపడుట ఎట్లు? వాత పిమ్మట నెలల తరబడి వాటిని పరుగెత్తనీయరు. ఆ విశ్రాంతి చేసిన మేలును ఇనుపకమ్మి తన ఖాతాలో వ్రాసికొనెను. మన ఎద్దుల విషయమును ఇట్టిదే కావచ్చును.

విశ్రాంతియైనను ఎల్లప్పుడును చాలదు. 2006 మే నెలలో అమెరికాలో కెంటకీ డర్బీ గెలిచిన బార్బారో, రెండు వారములకు ప్రీక్‌నెస్ పందెమున కుడి వెనుక కాలు విఱుగగొట్టుకొనెను. వైద్యులు లోహపు పలకతో, మఱలతో ఎముకను కూర్చిరి. మనుష్యునివలె గుఱ్ఱమును నెలలకొలది మంచమున పరుండబెట్టలేము. బరువు రెండవ కాలిమీద పడి, ఆ డెక్కలోపల వాచి చెడినది. 2007 జనవరి 29న దానికి మరణము ప్రసాదించవలసి వచ్చెను.

ఇట్టి విఱుగుటలు ఆకస్మికములని, దైవికములని అందురు. అధికభాగము అట్టివి కావు. విఱిగిన ఎముకలను పరీక్షించినచో అంతకుముందే ఏర్పడిన సన్నని బీటలు పెక్కింట కానవచ్చుచున్నవి. కాలు ఎక్కడనో చెప్పియే యుండును. గుఱ్ఱపువాడు ప్రతి ఉదయమున నాలుగు కాళ్లను అరచేత తడిమి, ఒకటి తక్కినవానికన్న వెచ్చగా నున్నదా, అడుగు వేయునపుడు తల ఎగురవేయుచున్నదా అని చూచును. వెచ్చనైన కాలితో దౌడు మాన్పింపవలెను. పందెము తేది దగ్గరపడినపుడు అతని మాట వినువారు తక్కువ. స్నాయువు చినిగినచో కోలుకొనుటకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టును; అతికిన చోట మునుపటి సాగు ఉండదు గనుక, తిరిగి చినుగుట సామాన్యముగా దాని ప్రక్కననే.