రేడియేటర్ మూత తియ్యకముందు

ఈ ఎపిసోడ్ ఆలోచన బేకర్ గ్రేడ్ మీద పుట్టింది. లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగస్ వెళ్ళే ఐ-15 హైవే, బేకర్ అనే చిన్న ఊరు దాటాక మొజావీ ఎడారిలో మైళ్ళ కొద్దీ ఎత్తెక్కుతుంది. ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపెయ్యండి అని అక్కడ బోర్డే పెట్టారు. పోయిన జులైలో మా పద్దెనిమిదేళ్ళ సెడాన్‌లో మేం ఆ బోర్డు చూసి నవ్వుకున్నాం. ఇంకో ఆరు మైళ్ళకి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. పక్క సీట్లో నాన్న, వెనక అమ్మ, బయట ఎండ.

బండి పక్కకి తీసి, హుడ్ ఎత్తి (మా ఇంట్లో ఇంకా బానెట్ అనే అంటాం), రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాను. "ఆగరా! చెయ్యి తియ్యి ముందు!" అని నాన్న అరిచారు. నాన్న ఇరవై ఏళ్ళ పైన మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్‌లో అంబాసిడర్ టాక్సీ నడిపిన మనిషి. గంట ఆగి, పై హోస్ నొక్కితే మెత్తగా ఉందని చూసుకుని, తడి తువ్వాలు కప్పి మూతని పావు వంతు తిప్పారు. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు అందులో పోశాం. హీటర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలన్నీ దించి, 45 మైళ్ళ వేగంతో వెళ్ళాం. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కదా, ఇంజన్ వేడిని కొంత లాగుతుంది. అది అమ్మకి చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు.

మర్నాడు చూపించిన షాపులో హెడ్ గాస్కెట్ పోయిందన్నారు. బాగుచేసే ఖర్చు బండి ఖరీదు కన్నా ఎక్కువట, అమ్మేసుకోమన్నారు. నాన్న మాత్రం "వాళ్ళు మూత కూడా తీసి చూళ్ళేదురా" అన్నారు. ఎవరి మాట నమ్మాలో తేల్చుకోడానికి చదవడం మొదలెట్టాను. చదివే కొద్దీ ఒకటి అర్థమైంది: కూలింగ్ సిస్టమ్‌లోని ప్రతి భాగమూ ఎవరో ఒకరి బండి దారిలో ఆగిపోయినందుకు పుట్టిందే.

మొదట ఆగిన మనిషి బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి బయల్దేరింది. సుమారు వంద కిలోమీటర్లు. ఆ మూడు చక్రాల బండికి ఇప్పటి లాంటి రేడియేటర్ లేదు. ఇంజన్ చుట్టూ నీళ్ళు, అవి మరిగి ఆవిరైపోతుంటాయి, వేడిని తీసుకుపోతుంటాయి. పొయ్యి మీద ఎసరు లాంటిదే. గిన్నెలో నీళ్ళున్నంత సేపూ వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది, నీళ్ళు అయిపోతే గిన్నె మాడుతుంది. అందుకే ఆవిడ దారంతా దొరికిన చోటల్లా నీళ్ళు పోసుకుంటూ వెళ్ళింది. పెట్రోలు లాంటి లిగ్రోయిన్ అనే ద్రవం వీస్‌లోఖ్‌లో మందుల షాపులో కొంది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. చరిత్రలో మొదటి దూరప్రయాణం అని ఆవిడని పొగుడుతారు గానీ, నాకైతే మొదటి రోడ్‌సైడ్ మెకానిక్ కూడా ఆవిడే అనిపిస్తుంది.

దాని తర్వాత పెద్ద మలుపు విల్‌హెల్మ్ మేబాక్‌ది. డైమ్లర్ కంపెనీలో ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి కోసం తయారుచేసిన 35 హార్స్‌పవర్ బండికి, ఆయన కూతురి పేరే పెట్టారు, మెర్సిడెస్ అని. 1900 చివర్లో పూర్తయిన ఆ బండికి మేబాక్ తేనెతుట్టె లాంటి రేడియేటర్ పెట్టాడు. చిన్న చిన్న చదరపు గొట్టాలు 8,070, ఒక్కోటీ 6 మిల్లీమీటర్లు. గాలికి తగిలే ఉపరితలం అంతగా పెరగడంతో తొమ్మిది లీటర్ల నీళ్ళతో పని జరిగింది. ఈ రోజు మన బండి ముందు ఉన్నది ఆ ఆలోచనే. దాని బలహీనత కూడా అందులోనే ఉంది. దారి ఎంత సన్ననిదైతే అంత త్వరగా పూడుకుపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

ఫోర్డ్ మోడల్ టీ (1908–1927) సంగతి ఇంకా తమాషా. మొదటి 2,500 బళ్ళకి వాటర్ పంపు పెట్టి, తర్వాత ఖర్చు తగ్గించడానికి తీసేశారు. వేడి నీళ్ళు పైకి పోతాయి, చల్లబడినవి కిందికి దిగుతాయి, ఆ ప్రవాహమే చాలన్నారు. దీన్ని థర్మోసైఫన్ అంటారు. కానీ నీళ్ళ మట్టం పై గొట్టం కన్నా తగ్గిందంటే ప్రవాహం మొత్తం ఆగిపోతుంది. సగం నీళ్ళున్నా ఇంజన్ మాడుతుంది! రేడియేటర్ మూత మీద థర్మామీటర్ బిగించుకునే అలవాటు ఆ రోజుల్లోనే వచ్చింది. బాయ్స్ మోటోమీటర్ అని పేరు. డ్రైవర్ సీట్లోంచే చూసుకోవచ్చు.

చలి దేశాల్లో ఇంకో బాధ: నీళ్ళు గడ్డకడితే ఇంజన్ పగులుతుంది. ఆల్కహాలు కలిపేవారు, అది ఎండకి ఎగిరిపోయేది. 1920ల చివర్లో ఇథిలీన్ గ్లైకాల్ వచ్చింది. దాని మరిగే వేడి 197 డిగ్రీలు. సగం నీళ్ళు సగం గ్లైకాల్ కలిపితే సుమారు 107 దగ్గర మరుగుతుంది. ఆపైన ప్రెజర్ క్యాప్ వచ్చింది. 15 పి.ఎస్.ఐ. మూత కింద అదే మిశ్రమం దాదాపు 129 దాకా మరగదు. నాన్న ఎందుకు అరిచారో ఇప్పుడు చూడండి. లోపల ద్రవం 120 దగ్గర ఉందనుకుందాం. మూత తీసిన క్షణం ఒత్తిడి పోతుంది, మరిగే వేడి 107కి పడిపోతుంది. ఆ ద్రవంలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై, మిగతాదాన్ని మొహం మీదికి చిమ్ముతుంది.

ఇక ఫ్యాన్. అంబాసిడర్‌లో ఫ్యాన్ ఇంజన్‌కే బెల్టుతో కట్టి ఉండేది, ట్రాఫిక్‌లో ఇంజన్ నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదించేది. ఇంజన్‌ని అడ్డంగా పెట్టిన ఫ్రంట్-వీల్ డ్రైవ్ బళ్ళలో ఆ బెల్టు కుదరదు, అందుకే కరెంటు ఫ్యాన్ మామూలైపోయింది. ఇప్పుడు ఆ ఫ్యాన్ రిలే పోయినా, సెన్సార్ పోయినా బండి సిగ్నల్ దగ్గర వేడెక్కుతుంది, హైవే మీద బాగుంటుంది. ఎదురుగాలే ఫ్యాన్ పని చేస్తుంది కాబట్టి.

మా బండి దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. ఊళ్ళో బాగుంది, హైవే ఎత్తులో ఉడికింది. అంటే ఫ్యాన్ కాదు. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉంటే ఇంజన్ కాలుతున్నా పై హోస్ చల్లగానే ఉండాలి. మాది వేడెక్కుతోంది. మిగిలింది హెడ్ గాస్కెట్. అది పోతే ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి నురుగు, వెనక తెల్లటి తియ్యని వాసన పొగ ఉండాలి. రెండూ లేవు. అయినా అనుమానం తీరక, ఆటో పార్ట్స్ షాపులో డిపాజిట్ కట్టి గాస్కెట్ టెస్టర్ తెచ్చాం. మంట పొగ కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని నీలం ద్రవం పసుపుగా మారుతుంది. అరగంట చూశాం, నీలంగానే ఉంది.

అప్పుడు నాన్న ఇంజన్ వేడెక్కించి, ఆపించి, ఫ్యాన్ తిరగడం పూర్తిగా మానేదాకా ఆగి, రేడియేటర్ ముందు చెయ్యి ఆడించారు. నేను లేజర్ థర్మామీటర్ పట్టుకున్నాను. పైభాగం మండుతోంది, కింద ఎడమ మూల 30 డిగ్రీలు తక్కువ. అక్కడ ప్రవాహమే లేదు. మేబాక్ సన్నగొట్టాల జబ్బే. ఊళ్ళో నెమ్మదిగా వెళ్ళినప్పుడు మిగిలిన సగం రేడియేటర్ సరిపోయేది, ఎత్తులో చాలలేదు.

అంబాసిడర్‌కైతే పై ట్యాంకు ఊడదీసి, ఇత్తడి గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం చేసి మళ్ళీ అతికేవాళ్ళట. మా బండిది అల్యూమినియం, ట్యాంకులు ప్లాస్టిక్, మార్చడమే దారి. కొత్తది 200 డాలర్లలోపే దొరికింది. శనివారం ఇద్దరం కలిసి బిగించాం, థర్మోస్టాట్ కూడా మార్చేశాం. పాతదాన్ని నాన్న పారెయ్యనివ్వలేదు. రంపంతో కింద మూల కోసి చూపించారు. మాకు ముందు ఈ బండి వాడినవాళ్ళెవరో లీకు ఆపే పొడి పోసి, పైన కుళాయి నీళ్ళు నింపినట్టున్నారు. గొట్టాల నిండా గోధుమరంగు మడ్డి, గట్టిపడి సున్నంలా ఉంది.