నెత్తురులో కులమెక్కడుంది?
పాలమూరు నుంచి జన్యుశాస్త్ర చరిత్ర మీద ఒక చూపు

మా వాడకు దక్కలోళ్లు వస్తే ఊరి బయట, వాడకు కూడా బయటనే దిగేటోళ్లు. మాదిగలను ఊరు అంటరానోళ్లను చేసింది. దక్కలోళ్లను మేం అంటరానోళ్లను చేసినం. ఈ మాట ముందుగాల ఒప్పుకొనే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను. ఎందుకంటే మాదిగల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే హక్కు తరతరాలుగా వాళ్లదే. పటం విప్పి, కిన్నెర మీటి, భూమి కంటే ఆరు నెలల ముందే జాంబవుడు ఎట్లా పుట్టిండో, ఏ గోత్రం ఎక్కడి నుంచి దిగివచ్చిందో చెప్పేటోళ్లు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినంక మాత్రమే చాలామంది చదువుకున్నోళ్లకు దక్కలి అనే పేరు తెలిసింది.

ఈ కాలంలో మన పుట్టుక గురించి చెప్పే ఇంకో పటం తయారైంది. అది ప్రయోగశాలలో గీసిన పటం, మన నెత్తురులోంచి తీసిన డీఎన్‌ఏ పటం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీటింగుల్లో ఎవరో ఒకరు లేచి ‘మనమే మూలవాసులమని సైన్సు కూడా రుజువు చేసింది కదా’ అంటారు. ఇంకొకరు ‘ఆర్యులు రానేలేదని సైన్సే తేల్చింది’ అని ఎదురు చెబుతారు. ఇద్దరూ సైన్సు పేరే చెబుతారు. నేను చరిత్ర విద్యార్థిని. జీవశాస్త్రం నాకు ఇంటర్మీడియట్ దాకనే తెలుసు. అయినా డిక్షనరీ పక్కన పెట్టుకొని ఆ పరిశోధనా వ్యాసాలు చదివిన. అందులో మనకు పనికొచ్చేదేది, మనం జాగ్రత్త పడాల్సిందేది అన్నదే ఇక్కడి చర్చ.

మన ఒంటిని కొలిచి కులాన్ని తేల్చాలనే ఆలోచన పాతదే. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిజ్లే ముక్కు వెడల్పును బట్టి కులం హోదా చెప్పవచ్చన్నాడు. ముక్కు ఎంత చప్పిడిగా ఉంటే కులం అంత కింద అన్నమాట! మద్రాసు మ్యూజియంలో థర్‌స్టన్ కూడా కొలబద్ద పట్టుకొని ఇదే పని చేశాడు. దీనికి గట్టి జవాబు చెప్పింది అంబేద్కర్. 1948లో అచ్చయిన అంటరానివాళ్ల చరిత్ర పుస్తకంలో ఆయన ఆ ముక్కు కొలతలనే తీసుకొని, ఒకే ప్రాంతంలోని బ్రాహ్మణులకు, అంటరానివాళ్లకు తేడా లేదని చూపించాడు. వాళ్లు ఆర్యులైతే వీళ్లూ ఆర్యులే అని తేల్చేశాడు. అంతకుముందు 1916లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలోనే, ఈ దేశంలో జనం ఏనాడో కలిసిపోయారని, ఆ కలిసిన జనాన్ని ముక్కలుగా కోసి ఎవరి గడిలో వాళ్లను మూసింది కులంలోపలి పెళ్లి అని చెప్పాడు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. డీఎన్‌ఏ నిర్మాణం తెలిసింది 1953లో.

మరి మన హైదరాబాదు సంస్థానంలో? భాగ్యరెడ్డివర్మ తరం ‘ఆది’ అనే మాటను ఎత్తుకున్నది. మేం పంచములం కాదు, ఆది హిందువులం, ఈ నేల మీద ముందటి మనుషులం అన్నరు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆ పేరును నమోదు చేసింది. ఆ మాటకు బలం ఆత్మగౌరవం నుంచి వచ్చింది, ఏ నెత్తురు పరీక్ష నుంచీ రాలేదు. ఈ తేడా మనం మర్చిపోగూడదు.

ఇక ప్రయోగశాల సంగతి. హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సీసీఎంబీ, 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైంది. అక్కడ లాల్జీ సింగ్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని మన దేశానికి తెచ్చాడు. దానికి ఆయన వాడిన జన్యు తునక మూలం కట్లపాములో ఉంది. 1980ల చివర కేరళలోని తలస్సేరి కోర్టులో ఒక బిడ్డకు తండ్రి ఎవరన్న కేసులో ఈ పరీక్షే సాక్ష్యమైంది. బిడ్డ తండ్రిని పట్టిచ్చే పద్ధతే కొంత మారి, జనాల తాతముత్తాతలను వెతికే పద్ధతి అయింది.

ఇదెట్లా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలె. కణంలో మైటోకాండ్రియా అనే భాగానికి వేరే డీఎన్‌ఏ ఉంటది. అది తల్లి నుంచే బిడ్డకు వస్తది. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే పోతది. కాబట్టి మొదటిది తల్లుల దారి, రెండోది తండ్రుల దారి చూపిస్తాయి. మిగతా క్రోమోజోములు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జతగా వస్తాయి. ప్రతి తరంలో ఆ జత తెగి, ముక్కలు మారి అతుక్కుంటది. మా అమ్మ పాత చీరలతో బొంత కుట్టేది. రెండు రంగుల చీరలు మొదటిసారి కుడితే పెద్ద పెద్ద గుడ్డలు కనిపిస్తాయి. ఆ బొంతను చింపి ఇంకో బొంతతో కలిపి కుడితే ముక్కలు చిన్నవైతాయి. ఇట్లా వంద తరాలు కుడితే వేలెడు ముక్కలే మిగులుతాయి. రెండు జనాలు ఎప్పుడు కలిశాయో శాస్త్రజ్ఞులు లెక్కగట్టేది ఈ ముక్కల పొడుగును చూసే.

మొదట గోలైన పరిశోధన 2001 నాటిది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు విశాఖ ప్రాంతంలో ఎనిమిది కులాల నుంచి 265 మంది మగవాళ్ల డీఎన్‌ఏ పరీక్షించారు. మాల, మాదిగ, రెల్లి అందులో ఉన్నారు. పై కులాలు యూరప్ జనానికి, కింది కులాలు ఆసియా జనానికి దగ్గరని రాశారు. అదే ఏడు ఆగస్టు ఆఖరున డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక సభ మొదలైంది. కులం జాతి కాదు కాబట్టి అక్కడ మాట్లాడొద్దని భారత ప్రభుత్వం అడ్డం పడింది. సహజంగానే మనోళ్లు చాలామంది ఆ పరిశోధనను ఆయుధంగా పట్టుకున్నరు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ అంబేద్కర్ 1948లో మూసేసిన తలుపును మనమే మళ్లీ తెరిచినం.

2003లో ఎస్తోనియాలోని టార్టు పరిశోధకులు ముందుండి చెంచుల మీద, కోయల మీద చేసిన పని వచ్చింది. అడవిలో విడిగా ఉన్న చెంచులది వేరే నెత్తురై ఉంటదని అనుకుంటరు కదా. యూరప్‌లోనూ, ఉత్తరాది అగ్రవర్ణాల్లోనూ ఎక్కువగా కనిపించే వై క్రోమోజోము రకం ఒకటి చెంచుల్లో కూడా దొరికింది. అమ్రాబాద్ గుట్టల మీది చెంచుల గురించి హైమెన్‌డార్ఫ్ 1943లో పుస్తకం అచ్చేసినప్పటి నుంచి వాళ్లను కాలం ఆగిపోయిన మనుషులుగానే చూసిన్రు. ప్రభుత్వం కూడా ఆదిమ తెగల జాబితాలో పెట్టింది. ఆదిమ అన్న పేరు వాళ్లకు అడవి మీద హక్కు తెచ్చిపెట్టలేదు. పులుల అభయారణ్యం పేరు మీద లేపే భయం ఉండనే ఉంది. యురేనియం తవ్వకాల మీద జనం తిరగబడితేనే 2019 సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది.

2009లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ కలిసి ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసం అసలు మలుపు. 25 జనాలు, 132 మంది మనుషులు. మాల, మాదిగ, చెంచు, వెలమ, వైశ్య అందులో ఉన్నారు. దాదాపు అందరూ రెండు పాత జనాల కలయికే అని తేలింది. ఒకటి పడమటి ఆసియా, యూరప్ జనాలకు దగ్గరిది. రెండోది ఈ ఉపఖండానిదే. మొదటి జనం పాలు చాలా గుంపుల్లో నూటికి 39 నుంచి 71 దాకా ఉంది. మాల, మాదిగ, చెంచుల్లో సుమారు 40. అంటే ‘మూలవాసి’ అనుకున్న మాదిగలో కూడా వచ్చినోళ్ల పాలు ఉంది, ‘వచ్చినోడు’ అనుకున్న పైకులపోడిలో కూడా ఇక్కడి పాలు ఉంది. 2013లో ఇదే బృందం బొంత ముక్కలు కొలిచి, ఈ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కింద జరిగిందని లెక్కగట్టింది. ఆ తర్వాత కలవడం ఆగిపోయింది. పై కులాల్లో ఈ ఆగడం సుమారు 70 తరాల కింద, గుప్తుల కాలంలో జరిగిందని 2016లో పార్థ మజుందార్ బృందం రాసింది.

మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి జనం క్రీస్తుకు పూర్వం 2000 తర్వాత ఇటు వచ్చారని, ఆ పాలు బ్రాహ్మణ కులాల్లో కొంత ఎక్కువని 2019 పరిశోధన చెప్పింది. కాబట్టి ఆర్యులు రానేలేదనే వాదం నిలబడదు. కానీ వచ్చినోళ్లు వందల ఏళ్లు అందరితో కలిసిన్రు. కులం తలుపు మూసుకున్నది ఆ తర్వాతనే. వాళ్లు వచ్చిన రోజునే కులం పుట్టిందనే మన వాదం కూడా అంతే బలహీనం.

ఆ తలుపు ఎంత గట్టిగా మూసుకుందో వైశ్యుల లెక్క చెబుతది. ఆ కులం కొద్దిమందితో మొదలై రెండు మూడు వేల ఏళ్లుగా విడిగా ఉన్న గుర్తు వాళ్ల జన్యువుల్లో ఉంది. తరానికి నూటికి ఒక్కరు చొప్పున బయటోళ్లు కలిసినా ఆ గుర్తు చెరిగిపోయేదని రైక్ రాశాడు. మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక రకం మందు ఆ కులంలో కొందరికి పడకపోవడం కూడా ఈ మూసివేత ఫలమే. 2017లో చూసిన 263 జనాల్లో 81 ఇట్లాగే కొద్దిమంది నుంచి పెరిగి మూసుకుపోయినవి. శాస్త్రజ్ఞులకిది రోగాల జన్యువులు వెతికే అవకాశం. నాకు మాత్రం మిర్యాలగూడ గుర్తుకొస్తది. కులం కాని పిల్లను పెళ్లి చేసుకున్నందుకు 2018 సెప్టెంబరులో ఒక దళిత యువకుణ్ణి, ఆసుపత్రి ముందు, కడుపుతో ఉన్న భార్య పక్కనే నరికిన్రు. నూటికి ఒక్కరు కూడా కలవకుండా వంద తరాలు ఎట్లా కాపలా కాసిన్రో ఆ లెక్కల పట్టికల్లో ఉండదు.

ఇంకో సంగతి కూడా అందులో ఉండదు. 1998లో ‘నేచర్’లోనే వచ్చిన ఒక వ్యాసం, తల్లుల దారి చూసి, స్త్రీలు పెళ్లి ద్వారా పై కులాలకు పోయిన్రు, మగవాళ్లు పోలేదు అన్నది. మన పాలమూరులో జోగినిని చేసిన మాదిగ బిడ్డ ఏ పై కులానికి పోయింది? పెద్దకులపోడే వాడకు వచ్చిండు. పుట్టిన బిడ్డ తల్లి కులంలోనే, తల్లి వాడలోనే పెరిగింది. 1988లో చట్టం వచ్చి ఈ ఆచారాన్ని నిషేధించింది. బడిలో తండ్రి పేరు అడిగితే ఆ పిల్లలు తలలు దించుకోవడం మాత్రం ఆగలేదు. తలుపు ఆడవాళ్లకు ఒకరకంగా, మగవాళ్లకు ఇంకోరకంగా మూసి ఉందని అర్థం చేసుకోకుండా ‘కలయిక’ అనే మాట వాడితే, అందులో బలవంతం మాయమైతది. పెళ్లికి, బలవంతానికి తేడా క్రోమోజోముకు తెలవదు. ఆ తేడా చెప్పాల్సింది చరిత్రకారులే.

దక్కలాయన పటం విప్పితే ఎవరి చరిత్ర వాళ్ల ముందరనే చదివేటోడు. పోయిన ఎండాకాలం 2009 నాటి వ్యాసంలోని లెక్కలను ఒక తావు మీద తెలుగులో రాసుకొని మా వాడ రచ్చకట్ట మీద చదివిన. నలభై, అరవై పాళ్ల సంగతి విని కొందరు నవ్విన్రు. మా అమ్మ ‘నెత్తురిచ్చినోళ్లకు ఈ ముచ్చట జెప్పిన్రా బిడ్డా?’ అని అడిగింది. వెనక కూసున్న ఒక పెద్దమనిషి చానాసేపు ఊకుండి, ‘అందుల దక్కలోళ్లున్నరా?’ అన్నడు. తావు మళ్లీ చూసిన. 25 పేర్లలో వాళ్ల పేరు లేదు.