పాఠశాల విద్యలో సాంకేతికత (భారతదేశం)

రేడియో, టెలివిజన్, కంప్యూటర్, ఇంటర్నెట్ వంటి సాధనాలతో పాఠం చెప్పడం, వాటిని వాడే నేర్పును పిల్లలకు అలవరచడం ఈ అంశం పరిధిలోకి వస్తాయి. భారతదేశంలో దీనికి పెద్ద మలుపు 1975–76 నాటి ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం (సైట్).

తొలి రోజులు

వీధిబడుల్లో ఇసుకలో అక్షరాలు దిద్దించిన నాటి నుంచి పలక, నల్లబల్ల దాకా బోధన సాధనాలు నెమ్మదిగా మారుతూ వచ్చాయి. 1930ల చివర్లో బడిపిల్లల కోసం రేడియో ప్రసారాలు, 1961లో ఢిల్లీ పాఠశాలల్లో టీవీ పాఠాలు మొదలయ్యాయి.

సైట్ ప్రయోగం

ఉపగ్రహం పల్లె బడికి పనికిరావాలన్నది అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ ఆశయం. ఇందుకోసం 1969లో భారత అణుశక్తి శాఖ అమెరికా సంస్థ నాసాతో ఒప్పందం చేసుకుంది. 1971లో సారాభాయ్ మరణించారు. తరువాత అహ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం యశ్‌పాల్ నాయకత్వంలో ఈ పనిని దీక్షగా పూర్తిచేసింది. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ప్రసారాలు సాగాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో సుమారు 2,400 పల్లెలకు అవి అందాయి.

ఊళ్లో నిలిపిన ఆంటెన్నా సుమారు 3 మీటర్ల వెడల్పున్న గొడుగులా ఉండేది. దానికి కోళ్ల దడులకు వాడే ఇనుప వలను బిగించారు. 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే బొమ్మను అది నేరుగా టీవీకి అందించేది. సెట్లను హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసింది. కరెంటు లేని కొన్ని ఊళ్లలో అవి బ్యాటరీలతో నడిచాయి. ఉదయం గంటన్నర ప్రసారం 5–12 ఏళ్ల పిల్లలది. దాన్ని నాలుగు భాషలకు పంచగా తెలుగు వంతుకు 22.5 నిమిషాలు వచ్చాయి. సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం వంటి విషయాలు చెప్పేవారు.

దాదాపు 50,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇవ్వడం ఈ ప్రయోగంలో అన్నిటికన్నా మెచ్చదగిన భాగం. తెరపై పాఠంతో పాటు రేడియో, ముద్రిత పాఠాలు, చేత్తో చేసి చూసే ప్రయోగాలు అందులో కలిసివచ్చాయి.

తరువాతి కాలం

1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం రాకతో పాఠశాల ప్రసారాలు విస్తరించాయి. 1984లో క్లాస్ పథకం కొన్ని ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లను తెచ్చింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. 2017లో దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదిక మొదలైంది. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్ల ద్వారా పాఠాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం 6వ తరగతి నుంచే కోడింగ్ నేర్పాలని సూచించింది.

గొడుగు ఆంటెన్నా నుంచి ట్యాబు దాకా సాధనాలు మారాయి. పిల్లల భాషలో పాఠం, దాన్ని నడిపించగల ఉపాధ్యాయుడు అనే రెండు అవసరాలు మాత్రం మారలేదు. ఏడాదిపాటే నడిచినా ఆ రెంటినీ పట్టించుకున్న ప్రయోగంగా సైట్ నిలిచింది.