ఆ ఇటుకలు ఎవరెత్తారు?

మా నాన్నగారు నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. ఎక్కడికి తీసుకెళ్ళినా ఆయన చూపే వేరు. గోల్డెన్ గేట్ వంతెన దగ్గర అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఆయన రివెట్లు లెక్కపెట్టారు. కిందటిసారి వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో మిషన్ బే దగ్గరున్న మా ఆఫీసు చూపిద్దామని తీసుకెళ్ళాను. అద్దాల మేడలు, పెద్ద ఆసుపత్రి, పక్కనే బేస్‌బాల్ స్టేడియం. అవేవీ ఆయనకి ఆనలేదు. ఒకచోట పేవ్‌మెంటు కుంగిపోతే గుమ్మం దాకా ఏటవాలుగా అతుకు వేశారు. అక్కడ ఆగిపోయారు.

"ఒరేయ్, ఇది పూడ్చిన నేల. బిల్డింగులు పైల్స్ మీద నిలబడ్డాయి, రోడ్డు దిగిపోతోంది. దేంతో పూడ్చారు?"

"1906 భూకంపం శిథిలాలు కూడా ఇక్కడ పోశారండీ."

"ఎవరెత్తారు? కూలీ ఏమిచ్చారు?"

సివిల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ భూకంపం తీవ్రత 7.9 అనీ, శాన్ ఆండ్రియాస్ చీలిక మూడువందల మైళ్ళ వరకూ కదిలిందనీ చెప్పగలను. కూలీ గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన ఇండియా వెళ్ళిపోయాక కొన్ని శనివారాలు లైబ్రరీలో గడిపాను.

1906 ఏప్రిల్ 18, తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకి భూమి కంపించింది. తర్వాత మంటలు. నీటి గొట్టాలు పగిలిపోవడంతో ఆర్పే దిక్కులేక ఊరు రోజుల తరబడి కాలింది. నాలుగు లక్షల జనాభాలో సగం మందికి పైగా ఇళ్ళు పోయాయి. ఇరవై ఎనిమిది వేల కట్టడాలు కూలాయి లేదా కాలాయి. మృతులు కొన్ని వందలే అని అప్పట్లో రాసుకున్నారు. మూడు వేలకి పైనే అని ఇప్పటి అంచనా.

నాన్నగారి మొదటి ప్రశ్నకి మొదటి జవాబు నాకు నచ్చలేదు. తొలి రోజుల్లో వీధుల్లో ఇటుకలెత్తినవాళ్ళకి కూలీయే లేదు. దారినపోయేవాళ్ళని సైనికులు ఆపి, తుపాకి చూపించి పనిలో పెట్టారు. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులకీ మినహాయింపు లేదు. మన భాషలో దాన్ని వెట్టి అంటాం. మేయర్ యూజీన్ ష్మిట్జ్ దొంగల్ని కాల్చెయ్యమని ఆర్డరు వేసిన ఊళ్ళో తుపాకి ముందు నిలబడి కూలీ మాట ఎత్తేదెవరు?

ఆ దశ ఎక్కువ రోజులు సాగలేదు. సాగకపోవడానికి ఒక కారణం ఇటుకే అని నా అనుమానం. సున్నంతో కట్టిన గోడ కూలితే ఇటుక ఇటుకగా విడిపోతుంది. అంటుకున్న సున్నాన్ని సుత్తితో గీకేస్తే మళ్ళీ గోడకి పనికొస్తుంది. శుభ్రం చేసిన ఇటుకకి మార్కెట్లో ధర ఉన్నప్పుడు దాన్ని శుభ్రం చేసే మనిషికీ ధర ఉంటుంది. కాలిపోయిన వీధుల్లో మనుషులు వరసగా కూర్చుని ఇటుకలు గీకి దొంతర్లు పేర్చారు. పనికిరానిదాన్ని గుర్రపుబళ్ళలో, వీధుల్లో తాత్కాలికంగా వేసిన పట్టాల మీద రైళ్ళలో నీటి ఒడ్డుకి తోలారు. ఆ చాకిరీకి తట్టుకోలేక గుర్రాలు చచ్చిపోయాయి. కట్టుబడి పనులు ఊపందుకున్నాక మనుషులు చాలక వడ్రంగులకీ తాపీవాళ్ళకీ రేట్లు బాగా పెరిగాయి.

2010లో హైతీ భూకంపం తర్వాత ఐక్యరాజ్య సమితి సంస్థలు పనికి డబ్బిచ్చే పథకం పెట్టి, స్థానికుల చేత శిథిలాలు తీయించాయి. కూలీ రోజుకి ఐదు డాలర్లు, అటూ ఇటూగా. ఆ డబ్బు వాళ్ళకి అన్నం పెట్టింది, కాదనను. కాని అక్కడ కూలింది కాంక్రీటు, కోటి ఘనపు మీటర్లు. పారతో, చక్రాల బండితో కాంక్రీటు శ్లాబుని ఎంతని కదిలిస్తాం? సుత్తికి లొంగే ఇటుక దొరకడం శాన్ ఫ్రాన్సిస్కో కూలీల అదృష్టం.

మొదటి రోజుల్లో మూడు లక్షల పైచిలుకు మంది ఉచిత రేషను తీసుకున్నారు. కొద్ది వారాల్లో దాన్ని కోసేశారు. ఒంట్లో శక్తి ఉన్నవాడు ఊరికే తిండి తినకూడదని పెద్దల భయం. ఈ భయం మనకి కొత్తది కాదు. 1877లో ధాత కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో కరువు పనులకి కట్టిన కూలీ, మగవాడికి రోజుకి పౌను గింజలూ ఒక అణా. రోజంతా మట్టి మోసేవాడికి అది చాలదని డాక్టర్ కార్నిష్ పోరాడితే కొన్ని నెలలకి పెంచారు. బకింగ్‌హామ్ కాలువలో అడయారునీ కూవాన్నీ కలిపే ముక్క ఆ కరువులోనే తవ్వించారు. అదే కాలువ ఎగువ భాగం మీద నాన్నగారు పనిచేశారు కాబట్టి ఆయన మస్టర్ రోల్ కళ్ళతో చూడడం సహజం.

రేట్లు పెరిగాయన్నాను కదా, అవి అందరికీ పెరగలేదు. కట్టుబడి పనంతా పి. హెచ్. మెకార్తీ నడిపిన యూనియన్ల గుప్పిట్లో ఉంది. వాటిలో చైనా, జపాను వాళ్ళకి చోటు లేదు. జపాను కూలీల్ని దేశంలోకి రానివ్వకూడదని 1905లో పెట్టిన లీగు వెనక ఉన్నదీ ఆ యూనియన్ల నాయకులే. భూకంపానికి విదేశాల నుంచి వచ్చిన సాయంలో మిగతా దేశాలన్నీ కలిపి ఇచ్చినదానికన్నా జపాను ఒక్కటే ఎక్కువిచ్చింది. శిథిలాల్ని పరిశీలించడానికి టోక్యో నుంచి వచ్చిన భూకంప శాస్త్రజ్ఞుడు ఓమోరి మీద వీధిలో రాళ్ళు పడ్డాయి. అక్టోబరు 11న స్కూలు బోర్డు జపాను పిల్లల్ని విడి బడికి వెళ్ళమంది. ఊరు మొత్తం మీద వాళ్ళు 93 మంది.

అదే శరదృతువులో యూనియను వడ్రంగులు పార్కుల్లో నిరాశ్రయులకి చెక్క ఇళ్ళు మొదలుపెట్టి, మార్చి కల్లా 5,610 కట్టారు. అద్దె నెలకి రెండు డాలర్లు. కట్టిన అద్దె ఇంటి ఖరీదు కింద జమ. తర్వాత వాటిని గుర్రపుబళ్ళ మీద సొంత స్థలాలకి తోలుకుపోయారు. రెండిటిని ప్రెసిడియోలో భద్రపరిచారు.

ఈ ఏడు నాన్నగారు వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్ళి, దారంతా నేను చదివినది చెప్పాను. మాట్లాడకుండా విన్నారు. కారు దిగి, గోడ పక్కన అడుగులో అడుగు వేస్తూ ఒకటి రెండు అని లెక్కపెట్టుకుంటూ నడిచారు.

"పది, పద్నాలుగు. మన తాటాకు పాకంత," అన్నారు. గోడ చెక్క మీద చెయ్యి వేసి, "స్కూలు బోర్డు ఆ ఆర్డరు ఎప్పుడు తీసేసిందిరా?" అని అడిగారు.

"మరుసటేడు. జపాను నుంచి కూలీల్ని ఇంక పంపమని వాళ్ళ ప్రభుత్వం ఒప్పుకున్నాక."

ఆయన చెయ్యి తీసేసి, వెనకవైపు గోడ కొలవడానికి వెళ్ళారు.