ఒకే పదార్థం - మందూ, ముప్పూ: కీటోన్ల కథ

మీరు ఉపవాసం ఉన్న రోజు మీ మెదడుకు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? మెదడు గ్లూకోజుతో పనిచేస్తుందని పాఠాల్లో చదివే ఉంటారు. అయితే కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ సుమారు ఒక రోజులో చాలావరకు ఖర్చయిపోతుంది. అప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. కొవ్వు ఆమ్లాలు మెదడుకు నేరుగా అంతగా పనికిరావు. అందుచేత కాలేయం వాటిని కీటోన్లుగా మారుస్తుంది. రక్తంలో కీటోన్లు పెరిగిన స్థితినే కీటోసిస్ అంటారు.

వైద్యులకు కీటోన్లు మొదట శత్రువులుగానే పరిచయమయ్యాయి. 1874లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మౌల్ స్పృహ కోల్పోయే దశకు చేరిన మధుమేహ రోగులు లోతుగా, భారంగా ఊపిరి తీయడాన్ని వర్ణించాడు. కీటోన్లు పేరుకుపోయి రక్తం ఆమ్లపూరితం కావడమే దీనికి కారణమని తరువాత తేలింది. ఇదే కీటోఅసిడోసిస్.

మరోవైపు, ఉపవాసం ఉంటే మూర్ఛ వ్యాధి తగ్గుతుందని ప్రాచీన కాలం నుంచీ ఒక నమ్మకం ఉండేది. 1911లో గుయెల్పా, మారీ అనే వైద్యులు ఫ్రాన్సులో దీన్ని రోగులపై పరీక్షించి, కొంత మేలు కనబడిందని ప్రకటించారు. కాని ఎన్నాళ్లని పస్తులుంచగలరు? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ఒక ఉపాయం సూచించాడు. పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా పెడితే, తింటూనే ఉపవాస స్థితిని పొందవచ్చు కదా! ఆయన దానికి కీటోజెనిక్ ఆహారం అని పేరు పెట్టాడు.

విచిత్రమేమంటే, అదే 1921లో కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. ఒకచోట కీటోన్లను మందుగా పెంచుతున్నారు. మరోచోట ప్రాణాంతకమైన కీటోన్లకు అడ్డుకట్ట దొరికింది. ఈ రెంటికీ తేడా ఏమిటి? ఆరోగ్యవంతుడు ఉపవాసం చేసినా కొద్దిపాటి ఇన్సులిన్ ఉంటుంది. అది కొవ్వు కరగడాన్ని అదుపులో ఉంచుతుంది. టైప్-1 మధుమేహంలో ఇన్సులిన్ దాదాపు ఉండదు కనుక ఆ అదుపు తప్పుతుంది.

1938లో ఫెనిటాయిన్ మందు వచ్చాక కీటో ఆహారం వెనుకబడింది. మింగడానికి మాత్ర ఉండగా, ప్రతి ముద్దనూ తూచి తినేదెవరు? 1967లో జార్జి కేహిల్ బృందం ఆసక్తికరమైన విషయం కనుగొంది. దీర్ఘ ఉపవాసంలో మెదడుకు కావలసిన ఇంధనంలో అధిక భాగాన్ని కీటోన్లే సమకూరుస్తాయి! అయినా ఈ చికిత్స మరుగునే ఉంది. 1990లలో అమెరికన్ సినిమా దర్శకుడు జిమ్ ఏబ్రహమ్స్ కుమారుడికి మందులతో లొంగని మూర్ఛ ఈ ఆహారంతో అదుపులోకి వచ్చింది. ఆ తండ్రి చేసిన ప్రచారంతో వైద్యులు మళ్లీ దీనివైపు చూశారు.

2008లో లండన్ పరిశోధకులు మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఈ ఆహారం తీసుకున్నవారిలో 38 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. తీసుకోనివారిలో అలా తగ్గింది 6 శాతం మందికే. 2013లో ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు కాస్త సడలించిన ఆహారంతోనూ మంచి ఫలితాలు ప్రకటించారు.

కాని ఇది ఉచితంగా దొరికే వరం కాదు. మలబద్ధకం, వాంతులు, మూత్రపిండాల్లో రాళ్లు, రక్తంలో కొవ్వు పెరగడం, పిల్లల ఎదుగుదల మందగించడం వంటి ఇబ్బందులు రావచ్చు. అందుకే వైద్యుల, పోషకాహార నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి.

ఈనాడు బరువు తగ్గడానికి కీటో ఆహారం మొదలుపెట్టేవారు ఎందరో ఉన్నారు. మొదటి వారాల్లో త్వరగా తగ్గే బరువులో చాలా భాగం గ్లైకోజెన్‌తోపాటు పోయే నీరే! టైప్-1 మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సొంతంగా దీని జోలికి పోరాదు. మూర్ఛకు మందులు వాడేవారు డాక్టరు చెప్పకుండా వాటిని ఆపరాదు.

కీటో ఆహారం మంచిదా అని ఎవరైనా అడిగితే, మీరు తిరిగి ఒక ప్రశ్న వేయండి: ఎవరికి, ఏ జబ్బుకు, ఎవరి పర్యవేక్షణలో?