తిరగనని మొరాయించే డీజిల్

తాళం తిప్పినా డీజిల్ పికప్ ఇంజన్ అసలు కదలకపోతే చాలామంది ముందు ఫిల్టర్‌నూ ఇంజెక్టర్లనూ అనుమానిస్తారు. డీజిల్ చరిత్ర మాత్రం వేలెత్తి చూపేది బ్యాటరీ వైపు. పెట్రోలు కారుకు కెటరింగ్ అనే ఇంజనీరు రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ 1912 కాడిలాక్‌లోనే వచ్చేసింది. డీజిల్‌కు అది అంత సులువుగా అబ్బలేదు. సిలిండర్‌లో గాలిని డీజిల్ భగ్గుమనేంత వేడెక్కేలా నొక్కాలి కదా! అందుకే తొలినాటి పెద్ద ఇంజన్లను నిల్వచేసిన గాలి ఒత్తిడితో తిప్పారు. 1931 కాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్‌కైతే, దాన్ని లేపడానికే పక్కన ఓ చిన్న పెట్రోలు ఇంజన్ బిగించారు. 1983లో ఫోర్డ్ పికప్‌లకు డీజిల్ పెట్టినప్పుడు రెండు బ్యాటరీలు అమర్చాల్సి వచ్చింది.

మన పొలాల్లో ఆయిల్ ఇంజన్లను చేత్తోనే తిప్పేవారు కదా అనవచ్చు. నిజమే, కానీ వాటికి సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే లీవర్ ఉండేది; బరువైన చక్రం వేగం అందుకున్నాకే దాన్ని దించేవారు. పికప్‌కు ఆ వెసులుబాటు లేదు, భారమంతా స్టార్టర్ మోటారుదే. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగున్నట్టే అనే వాదనా నిలవదు: లైట్లకు కొన్ని ఆంపియర్లు చాలు, స్టార్టర్‌కు వందలు కావాలి. 500 ఆంపియర్ల దగ్గర తుప్పుపట్టిన టెర్మినల్‌లోని 0.01 ఓమ్ నిరోధం 12 వోల్టుల్లో 5 మింగేస్తుంది. మీటరు పెట్టి చూడాల్సింది ముందు అక్కడే, తాళం తిప్పి పట్టుకున్నప్పుడే. ఆ తర్వాత ఎర్త్ కేబుల్, సోలినాయిడ్.